చూద్దాం గారు కాదన్న రోజు

ఫిల్మ్‌నగర్ బ్రాంచిలో అచ్యుతరామయ్యకు వెనకాల ఉన్న పేరు 'చూద్దాం గారు'. లోను ఎప్పుడొస్తుందని అడిగితే చూద్దాం, డ్రాఫ్టు ఇవాళ అవుతుందా అంటే చూద్దాం. ఇంట్లో భార్య శ్యామలాదేవి ఏం కూర చేయమంటారని అడిగినా అదే జవాబు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. రేపల్లె నుంచి ఉద్యోగానికొచ్చి, వెంగళరావు నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని, ఎవరిచేతా మాట పడకుండా రిటైర్మెంటు అంచుదాకా వచ్చేశాడు. అందులో గొప్పేమీ లేదని ఆయనకూ లోలోపల తెలుసు.

ఎందుకంటే ఆయన కూర్చునేది చెక్కుల దగ్గర. సినిమా కంపెనీలు డాన్సర్లకూ మేకప్ వాళ్లకూ రాబోయే తేదీ వేసి చెక్కులిచ్చేవి. ఆ తేదీ ఇంకా రాకముందే ప్రొడక్షన్ మేనేజరు చలపతిరావు తెల్లకాగితం మీద 'చెల్లింపు ఆపండి' అని రాసుకుని నవ్వుకుంటూ వచ్చేవాడు. ఆపమంటే ఆపాలి, రామయ్య ఆపేవాడు. కృష్ణానగర్ నుంచి వచ్చే హెయిర్ డ్రెస్సర్ నీలమ్మ ఒకసారి అలా తిరిగొచ్చిన చెక్కు చూపించి, "నా రెక్కల కష్టం సారూ, ఎప్పుడొస్తయ్ పైసలు?" అని అడిగింది. చూద్దాం అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

తర్వాత మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి గడించినాయన ఒకరు సినిమా తీస్తానని దిగాడు. చలపతిరావునే మేనేజరుగా పెట్టుకున్నాడు గానీ, పద్ధతి మాత్రం తనదే. చెక్కులూ వద్దు, నగదు కవర్లూ వద్దు, కూలి నేరుగా ఖాతాల్లో పడాలన్నాడు. నీలమ్మతో సహా యూనిట్ మొత్తం ఈ బ్రాంచిలోనే ఖాతాలు తెరిచారు. మొదటి షెడ్యూలు ముగియగానే డబ్బు పడింది. వారం తిరక్కుండా అమెరికాలో మాంద్యం వచ్చి ఆయన ఆర్డర్లు పోయాయి, సినిమా అటకెక్కింది. చలపతిరావు పాత అలవాటు కొద్దీ తెల్లకాగితంతో హాజరయ్యాడు.

"ఆ పేమెంట్లు ఆపేయండి రామయ్యగారూ."

"ఖాతాల్లో పడిపోయాయి కదండీ."

"అయితే వెనక్కి లాగండి. మా డబ్బే కదా! ఎన్ని చెక్కులు ఆపలేదు మీరు?"

ఆ చివరి మాట ములుకులా దిగింది. చెక్కు అంటే ఇస్తానన్న మాట, సొమ్ము చేతికందేలోపు మాట తప్పేవాళ్లుంటారు. ఖాతాలో పడిందంటే ఇచ్చేసినట్టే. ఇక అది నీలమ్మ సొమ్ము, ఆమె సంతకం లేకుండా బ్యాంకు ముట్టుకోకూడదు. బ్యాంకు పొరపాటున వేసి ఉంటే దిద్దుకోవచ్చు. ఇక్కడ పొరపాటేదీ లేదు, కంపెనీ వేయమన్నవాళ్లకే వేశారు.

బ్రాంచి మేనేజరు ఓంప్రకాష్ ఆయన్ని గదిలోకి పిలిచాడు. "పెద్ద పార్టీ సార్. డిపాజిట్లన్నీ ఎత్తుకపోతా అంటుండు. పొరపాటున పడ్డయని రాసి జర తిప్పెయ్యిండ్రి. లేకుంటే పైనోళ్లు మిమ్మల్ని ఈ ఆఖరి ఏడు ఏ మూలకు తోలుతరో ఏమో!"

"పొరపాటని నేను రాయనండీ," అన్నాడు రామయ్య.

"గట్లయితే ఆ ముచ్చట బయట కూసున్న చలపతిరావుకు మీరే చెప్పుండ్రి," అన్నాడు ఓంప్రకాష్.

బయటికి వచ్చేసరికి కౌంటరు దగ్గర నీలమ్మ నిలబడి ఉంది. ఎవరో చెవిన వేసినట్టున్నారు, ఖాతాలో ఉన్నదంతా తీసేయడానికి విత్‌డ్రాయల్ ఫారం నింపించుకుని పరుగున వచ్చింది.

"పడ్డ పైసలు మళ్ల గుంజుకుంటరంట, నిజమేనా సారూ? బోరబండల జడల దుకాణం పెట్టుకుందామని మడిగె కిరాయికి మాట్లాడుకున్న. ఆ పైసలు పోతయా?"

బ్రాంచి అంతా తలెత్తింది. ఆయన ఏమంటాడో అందరికీ తెలుసు.

"పోవు," అన్నాడు రామయ్య. అందరికీ వినపడేలా ఇంకోసారి అన్నాడు. "పోవమ్మా. నువ్వు సంతకం పెడితే తప్ప ఎవరూ తీయలేరు. చలపతిరావుగారూ, ఆవిడ ఇక్కడే ఉన్నారు. కావాలంటే అడగండి, ఇస్తారేమో!"

నీలమ్మ ఊరుకుంటుందా? "ఏందన్నా, నేనల్లిన జడలన్నీ విప్పి మీకు వాపస్ ఇయ్యాల్నా?" అంది. క్యూలో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. చలపతిరావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నీలమ్మ తన ఫారం చింపేసింది. "మడిగెకు కట్టే రోజు వస్త సారూ. గప్పటిదాంక గీడనే ఉండనియ్యి," అంటూ కొంగు సర్దుకుని ఆటో కోసం వెళ్లింది. డబ్బంతా తీసుకుపోదామని వచ్చిన మనిషి తన ఒక్క మాట మీద వదిలిపోయింది! రామయ్య గుండె పొంగిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగానికి ఇవాళ జీతం ముట్టిందనుకున్నాడు.

ఇల్లు చేరాక జరిగినదంతా శ్యామలాదేవికి చెప్పాడు.

"బదిలీ చేస్తేనో?"

"చేస్తే పోదాం."

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసింది. వంటింట్లోకి వెళుతూ అలవాటు చొప్పున, "ఏం కూర చేయమంటారు?" అంది.

"గుత్తి వంకాయ," అన్నాడు రామయ్య.