ఇంజన్ కాడి వేడినీళ్లు

పెద్ద కరెంటు లైను ఇంకా రాని రోజుల్లో దేవరకొండకు దీపాలిచ్చే డీజిల్ ఇంజన్ లింగస్వామి చేతిలో ఉండేది. పొద్దున్నే చెప్పులు బయట విడిచి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు దాని మీద అరచెయ్యి ఆనించేవాడు. ఆ తర్వాత సాలెవాడ ఆడవాళ్లను తిట్టడం మొదలుపెట్టేవాడు. ఇంజన్‌ను చల్లబరిచి తొట్టిలో పడే వేడినీళ్లను, నూలుకు రంగెయ్యడానికి వాళ్లు బిందెలతో ముంచుకుపోయేవారు. "గివి ఇంజన్ నీళ్లు, మీ పొయ్యి మీది నీళ్లు గావు!" అని అరిచేవాడే గాని, గేటు మాత్రం ఏనాడూ మూయలేదు.

ఒక ఎండకాలం సాయంత్రం భూమి అదిరింది. తొట్టి పగిలి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. చల్లబరిచే ఆ నీళ్లు తిరగకుంటే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. లింగస్వామి ఆపబోతుంటే దవాఖాన కాంపౌండర్ ఉరికొచ్చాడు.

"ఆపకు లింగన్నా! కాన్పు కష్టమై డాక్టరమ్మ కడుపు కోసింది. దీపం పోతే తల్లీబిడ్డా దక్కరు."

లింగస్వామి సాలెవాడ దిక్కు తిరిగి కేకేశాడు. ముందు రోజూ అతని తిట్లు తినే భద్రమ్మ, వెనక వాడంతా, నూలుకు రంగేసే పెద్ద గోలేలు దొర్లించుకుంటూ వచ్చారు. పైపులు గోలేల్లోకి మళ్లించి, బాయి నుంచి బిందెలు అందించుకున్నారు. గోలేలకంటిన రంగు కరిగి ఇంజన్ ఎర్రటి నీళ్లు కక్కుతున్నా, లింగస్వామి దాని మీది చెయ్యి తియ్యలేదు. చీకటి పడ్డాక కాంపౌండర్ మళ్లీ వచ్చి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నరు" అన్నాడు.

తెల్లారి ఒక్క బిందె కూడా రాలేదు. పగిలిన తొట్టిని చూసి జాలిపడ్డారేమో. లింగస్వామి వేడినీళ్లు నిండిన గోలేల చుట్టూ కాసేపు తిరిగి, గేటు కాడికి పోయి వాడంతా వినేటట్టు అరిచాడు:

"ఏం భద్రమ్మా, ఇయ్యాల నూలుకు రంగెయ్యరా? నీళ్లు సల్లారిపోతున్నయ్!"