నేను తీపి చేసిన బావి

పదకొండేళ్ళుగా ఒక బావిని మోస్తున్నాను. రాయో బస్తానో అయితే ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. బావిని ఎక్కడ దించాలి? నా భార్యకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మళ్ళీ లోపలికే పోయింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాది స్థలాల మధ్యవర్తి పని. నెల్లూరు నుంచి సముద్రం వైపు ఎటు వెళ్ళినా నేను అమ్మించిన ప్లాటు ఒకటైనా కనబడుతుంది. కొనేవాళ్ళు నన్ను సలహాలు అడుగుతారు. అడక్కపోయినా చెప్పే అలవాటు నాది. పాత దస్తావేజులన్నీ ఒకదాని వెంట ఒకటి చూసుకోండి, తాకట్టులో ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి, దారి కాగితంలో ఉందా నోటిమాటేనా తేల్చుకోండి, హద్దురాళ్ళు మీ సర్వేయరుతో కొలిపించండి. అన్నీ మంచి సలహాలే, ఇవి విని బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. ఒక్క సలహా మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తే, ఇది నీకెలా తెలుసని అడుగుతారని భయం.

మా తీరంలో కాగితాల కన్నా ముందు నీళ్ళు చూస్తారు. అడ్వాన్సు ఇవ్వబోయే మనిషి బావి దగ్గరికి వచ్చి, చేద వేసి తోడి, దోసిట్లో పట్టుకుని తాగుతాడు. తియ్యగా ఉంటే సగం బేరం అయిపోయినట్టే. ఉప్పు తగిలిందా, చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు గానీ, దీన్ని దాటినవాణ్ణి నేను చూడలేదు. నాకైతే నాలుక మంచిదని పేరు. చుక్క నోట్లో వేసుకుని ఏ ఊరి నీళ్ళో చెప్పేస్తానని జనం వేళాకోళం చేసేవారు, నేనూ మురిసిపోయేవాణ్ణి.

కొడవలూరు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోట కొట్టేసి వేసిన లేఅవుటు ఒకటి ఉంది. అందులో ఒక మూల ప్లాటులో పాత ఒరల బావి. ఒకప్పుడు మంచి నీళ్ళేనట. తర్వాత రెండు పక్కలా రొయ్యల గుంటలు వచ్చాయి. నేను మొదటిసారి నోట్లో పోసుకున్న రోజు మింగలేక ఉమ్మేశాను.

ఆలోచన నాదే. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే పదకొండేళ్ళలో నాకు నేను చెప్పుకున్న కథల్లో ఆ ఆలోచన ఎప్పుడూ వేరేవాళ్ళదే. ఇసక నేలలో మంచి నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలతాయి, వెంటనే కలవవు. ఈ సంగతి మా వైపు పెద్దవాళ్ళందరికీ తెలుసు. కొనే మనిషి రావడానికి ముందు రోజు, మిట్టమధ్యాహ్నం, ఇంజను పెట్టి బావి తోడించేశాను. కొడవలూరు పొలాల్లో మోటారు నీళ్ళు రెండు ట్యాంకర్లు తెప్పించి పోయించాను. కాసేపటికి వంగి తోడుకుని తాగాను. తియ్యగా ఉన్నాయి. పొలం మట్టి వాసన కూడా వచ్చింది. అబ్బ, ఏం తెలివి నాది అనుకున్నాను.

ఆ కొనే మనిషి శారమ్మక్క. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. అక్క కూతురు జ్యోతి తప్ప దగ్గరివాళ్ళు లేరు. బతుకంతా క్వార్టర్సులో, అద్దె ఇళ్ళలో గడిచింది. నాతో మొదటిరోజే చెప్పింది, "నాకు పెద్ద ఇల్లేం వద్దు నాయనా, కొళాయి కాడ బిందె పెట్టి నిలబడి నిలబడి విసుగొచ్చింది, నా బావిలో నేను తోడుకోవాల" అని. ఆ ఒక్క కోరిక పట్టుకునే ఆమెను ఆ ప్లాటుకు తీసుకొచ్చాను.

బావి దగ్గర చెప్పులు విడిచింది. ఒర మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నేనూ తల వంచాను. "ఈ బిడ్డ నోట అబద్ధం రానీయకుండా ఈ నీళ్ళు చూపించినావు ప్రభువా, స్తోత్రం" అంది. అది వినీ నేను తల ఎత్తలేదు. తర్వాత తోడుకుని తాగింది.

"ఎట్టుండాయక్కా?"

"మా అమ్మ పోసిన నీళ్ళ మాదిరే ఉండాయి నాయనా."

కళ్ళు తుడుచుకుంది. వారం తిరక్కుండా రిజిస్ట్రేషను అయిపోయింది.

ఆ తర్వాత ఆమె ఫోను కోసం ఎదురుచూశాను. నిందిస్తుందని తెలుసు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, ఎండాకాలం కదక్కా, వానలు పడితే సర్దుకుంటాయి అని. ఇల్లు కట్టే మేస్త్రీ ఆ నీళ్ళు ఇనుముకు పనికిరావని ట్యాంకరు తెప్పించుకున్నాడని తెలిసింది. ఇంక ఈరోజో రేపో అనుకున్నాను. ఫోను రాలేదు. ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు రమ్మని మాత్రం కబురొచ్చింది.

వెళ్ళాను. వచ్చినవాళ్ళందరికీ స్టీలు గ్లాసుల్లో బావి నీళ్ళు ఇచ్చింది. ఒక గుక్క తాగాను. సముద్రం. అందరి ముందు ఉమ్మలేక మింగాను. చుట్టూ చూస్తే కిటికీ గట్టు మీద నిండు గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక గుక్క తగ్గినవి. శారమ్మక్క మాత్రం నా ముందు నిలబడి రెండు గ్లాసులు గడగడా తాగింది. "చూసినావా, ఆ రోజు మాదిరే ఉండాయి" అంది.

ఆమె మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపేమో అని వెతికాను. లేదు. ఎండలో నడిచొచ్చిన మనిషి దాహం తీరినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆమెకు తెలుసా? మోసపోయానని తెలిసి, ఆ మాట పైకి అనలేక, రోజూ గొంతులో ఉప్పు దించుకుంటూ నటిస్తోందా? అలా ఎన్నాళ్ళు నటించగలదు మనిషి? లేక నిజంగానే ఆమెకు తియ్యగా ఉన్నాయా? అలా అయితే అది ఎవరి పని? నాదా? ఆమె ప్రార్థనదా? ఈ రెండింటిలో ఏది ఎక్కువ భయపెట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. నెలకో రెండు నెలలకో ఏదో వంక పెట్టుకుని పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా గ్లాసు, గ్లాసు నిండా ఉప్పు. ఒరల మీద తెల్లగా పొర కట్టింది. చేద కడియం తుప్పు పట్టి ఊడిపోయింది. నాటిన కొబ్బరి మొక్క ఆకులు కొసల నుంచి మాడిపోయాయి. చెయ్యి కడుక్కుంటే సబ్బు నురగ రాలేదు. ఒకరోజు బలవంతంగా అన్నం పెట్టింది. పప్పు వెన్నలా ఉంది. ఉప్పు నీళ్ళలో కందిపప్పు ఉడకదని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ నీళ్ళతో వండావక్కా అని అడిగాను. "మన బావి నీళ్ళే, ఇంకేం నీళ్ళుండాయి" అంది.

తర్వాత ఆమె కాళ్ళు వాయడం మొదలైంది. ఆ తర్వాత మొహం. ఒక సాయంత్రం వరండాలో కూర్చున్నాం. రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు నాయనా. ఎప్పుడో మానేసినాను. కూరలో వెయ్యను, మజ్జిగలో వెయ్యను. యాడి నుంచి వస్తా ఉందో ఈ ఉప్పు?"

ఇప్పుడు చెప్పు, అనుకున్నాను. ఇంతకన్నా వాకిలి తెరిచి ఎవరూ అడగరు. నోరు తెరిచాను.

"అక్కా, ఈ నీళ్ళు తాగబాకు. క్యాను నీళ్ళు వేయించుకో."

"ఏం? ఎందుకని?"

నన్నే చూస్తోంది.

"బావి పాతది కదక్కా. నాచు గీచు ఉంటాది."

ఆమె నవ్వింది. "నువ్వు చూపించిన నీళ్ళే కదా నాయనా" అంది. లేచి లోపలికి వెళ్ళి నాకొక గ్లాసు, తనకొక గ్లాసు తెచ్చింది. ఇద్దరం తాగాం.

దేనికి భయపడ్డాను? పేరు పోతుందనా? పోనీ, పోతే ఏమయ్యేది? నాలాంటి మధ్యవర్తులు ఊరికి పది మంది. ఆమె కళ్ళల్లో నేను మారిపోతానని భయం, అంతే. నా గురించి దేవుడితో మంచిమాట చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మాట వెనక్కి తీసుకుంటుందని భయపడి, ఆమెను తాగనిచ్చాను. నేనే డబ్బులిచ్చి క్యాన్లవాణ్ణి పంపించాను కూడా. నాలుగు రోజులు తీసుకుని, పాపం ఎండలో పడి వస్తున్నాడని మానిపించింది. నా వంతు నేను చేశానని ఆ రోజు హాయిగా భోంచేశాను. సిగ్గుచేటు, కానీ నిజం.

పోయినేడు చనిపోయింది. మూత్రపిండాలన్నారు. నీళ్ళ వల్లే అని డాక్టరు అనలేదు. అనలేదు కదా అని నేను కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకున్నాను. సమాధి దగ్గర మట్టి వేసి వచ్చాను గానీ ఆ ఇంటి వైపు వెళ్ళలేదు.

పోయిన నెల జ్యోతి ఫోను చేసింది. "అన్నా, పిన్ని స్థలం అమ్మిపెట్టు. మాకు తెలిసిన మనిషివి నువ్వే" అంది. కొంటామన్న ఒక జంటను తీసుకుని వెళ్ళాను. ఈసారి ట్యాంకరు లేదు, ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే బయలుదేరాను. బావి మీద రేకు తీశాను. చేద వేశాను. నలుగురికీ చూపించే అలవాటు కొద్దీ ముందు నేనే దోసిట్లో పోసుకుని తాగాను.

తియ్యగా ఉన్నాయి.

కొడవలూరు నీళ్ళు. అదే పొలం మట్టి వాసన. ఎప్పుడో ఇగిరిపోయిన ఆ రెండు ట్యాంకర్ల నీళ్ళు, నా నాలుక పొరబడదు, అవే. పక్కనున్న ఆయన తోడుకుని తాగి, వెంటనే గోడ పక్కకు వెళ్ళి ఉమ్మాడు. "ఇవి సముద్రం నీళ్ళు కదండీ" అన్నాడు. నేను మళ్ళీ తాగాను. మళ్ళీ తియ్యగా. వాళ్ళు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఈసారి కూడా నేను నోరు విప్పే అవసరం రాలేదు.

ఒక సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చాను. నా భార్య నోట్లో వేసుకుని థూ అంది. సబ్బు రుద్దితే నురగ రాలేదు. నాకు మాత్రం తాగిన ప్రతిసారీ తియ్యగా ఉన్నాయి. అప్పటి నుంచి వారానికోసారి వెళ్ళి తెచ్చుకుంటున్నాను. ఎందుకని నన్ను అడగకండి.

మీరు మా వైపు స్థలం కొనాలనుకుంటే, ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వని ఆ సలహా ఇదిగో. మీరు ఏ రోజు వస్తున్నారో మధ్యవర్తికి చెప్పకండి. చెప్పకుండా వెళ్ళండి, ఎండల్లో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. పక్క ఇంటి ఆడవాళ్ళను అడగండి, తాగేది బావి నీళ్ళా క్యాను నీళ్ళా అని. నీళ్ళు సీసాలో పట్టుకుపోయి మీ ఇంట్లో కందిపప్పు పొయ్యి మీద పెట్టండి. నాలుకను నమ్మకండి. మీ నాలుకనైనా సరే.

నేనూ ఇవాళ పొద్దున ఆ నీళ్ళతోనే పప్పు పెట్టాను. శారమ్మక్క పొయ్యి మీద ఉడికిన పప్పు నా పొయ్యి మీద ఉడుకుతుందేమో చూద్దామని. ఇది రాస్తున్నంతసేపూ లేచి చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం దాటింది. గింజ గింజగానే ఉంది, వేళ్ళతో నొక్కితే రాయిలా ఉంది. నా పక్కన గ్లాసులో మిగిలిన నీళ్ళు మాత్రం చక్కెర వేసినట్టున్నాయి.

శారమ్మక్కా, నీకు వినబడదని తెలుసు. అయినా ఆ వరండాలో నువ్వు అడిగిన దానికి జవాబు చెప్పకుండా లేవలేను. అక్కా, ఆ ఉప్పు బావిలోదే. పైన తీపి పోసింది నేను.