సెక్షన్‌కి వెళ్లిన మేస్త్రి

ఓబళప్ప చదివింది ఐదో తరగతి. పిట్ట గూడు ఎలా కడుతుందో ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఎమ్మెస్సీలో నేర్చుకోలేదు. జిగణి దాటాక ఉన్న మా పరిశోధనశాలలో ఫించ్ పిట్టల గది ఆయనదే. పిడికిట్లో ఇమిడే పిట్టలు. వాటిలో గూడు కట్టేది మగపిట్ట. ఓబళప్ప కొబ్బరిపీచును నాలుగు వేళ్ల పొడవున చీల్చి బోనుల్లో వేస్తాడు. ఏ పిట్ట కడుతుందో, ఏది సోమరిదో పీచు ముక్కున పట్టిన తీరు చూసి చెప్పేస్తాడు.

ఆయనది బాగేపల్లి పక్క పల్లె, కన్నడ సీమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్లు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద నిలబడి పనిచేశాడు. బాగా చేస్తున్నాడని చివరి రెండేళ్లు ప్యాకింగ్ సెక్షన్‌కి మార్చారట. అక్కడ కుర్చీ ఉండేది, ఫ్యాను ఉండేది. ఆ సంగతి నాకు పదిసార్లయినా చెప్పుంటాడు. ఆయనకు జీవితంలో దక్కిన బహుమానం అదొక్కటే మరి.

పరిశోధన నడిపే మా గిరీష్ సార్‌కి కావలసింది పిట్ట మెదడు. పిట్ట పీచు ఏరి గూట్లో దోపుతున్నప్పుడు మెదడులో కొన్ని కణాలు పనిలోకి దిగుతాయి. ఆ పని ఆనవాలు గంటా గంటన్నర సేపు కణంలో ఉండి చెరిగిపోతుంది. అది కంటికి కనబడాలంటే పిట్ట పని మీద ఉన్నప్పుడే దాన్ని తీసుకుపోయి, చంపి, మెదడును గడ్డకట్టించి, ఉల్లిపొరకన్నా పలచగా కోసి రంగు వెయ్యాలి. ఆ కోతను మేము సెక్షన్ అంటాం. కోసేది నేను. నా పేరు ప్రిస్కిల్లా, మాది కావలి.

మొదటి రోజు గిరీష్ సార్ ఓబళప్పకు కన్నడలో చెప్పారు, బాగా కట్టే పిట్ట కాలి రింగు నంబరు పక్కన టిక్కు పెట్టు, దాన్ని సెక్షన్‌కి పంపుతాం అని. ఓబళప్ప ముఖం వెలిగిపోయింది. సార్ వెళ్లాక నన్ను పక్కకు పిలిచి తెలుగులో అడిగాడు, యా సెక్షనమ్మా అని. పక్క బిల్డింగులో ఉంది, ఏసీ కూడా ఉంది అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుంది. ఈ మాట మాత్రం ఏడు నెలలు నానింది. పందొమ్మిది పిట్టలకు ఓబళప్ప టిక్కు పెట్టాడు. ఒక్కొక్కటీ వెళ్లేటప్పుడు ఉద్యోగం దొరికిన కొడుకును చూసినట్టు చూసేవాడు. నాకు ఒళ్లు మండేది, ఆయన మీద కాదు.

ముప్పై ఒకటో నంబరు పిట్టకు ఆయన మేస్త్రి అని పేరు పెట్టాడు. తల్లి వదిలేస్తే పుల్లతో మేత పెట్టి పెంచిన పిట్ట అది. నీలం రింగు. పొడవు పీచు తప్ప ముట్టదు. దానికి టిక్కు పెట్టడానికి ఆయన రెండు వారాలు వెనకాడాడు, విడిచి ఉండలేక. చివరికి దాని మంచికి నేను అడ్డమేంటి అనుకుని పెట్టాడు.

అది వెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం ఊరి నుంచి తెచ్చిన కొర్ర కంకి పట్టుకుని నా గదికి వచ్చాడు. మేస్త్రిని ఒక్కతూరి చూసి పోతానన్నాడు. బల్ల మీద గాజు గిన్నెలో రింగులున్నాయి. పైన నీలంది. దాన్ని ఆయన వేలితో తిప్పి నంబరు చదువుకున్నాడు.

"మా మేస్త్రి యాడుండాడమ్మా?"

మెదడు కోతలు అంటించిన గాజు పలకలు మైక్రోస్కోపు కింద పెట్టి చూపించాను. నోరు ఆగలేదు. ఈ గోధుమరంగు చుక్కలన్నీ దాని పనేనని, పందొమ్మిదింటిలో దీనికే ఎక్కువ చుక్కలున్నాయని చెప్పుకుపోయాను. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఇంత బాగా కట్నందుకేనా?"

నేను పలక తీసి పెట్టెలో పెట్టాను.

"సారు పెద్దోడు, ఆయప్పకు నాతో ఏం పని. నువ్వన్నా చెప్పుండొచ్చు కదమ్మా. తెలుగోళ్లం కదా మనం."

కంకి బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు గదిలో ఒక్క గూడూ లేవలేదు. ఒక్క టిక్కూ పడలేదు. వెళ్లి చూస్తే పీచు గోరంత ముక్కలుగా కత్తిరించి ఉంది. దానితో ఏ పిట్టకూ గూడు కట్టడం కుదరదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఈసారి నా మౌనం ఆయనకు మేలు చేస్తుందనుకున్నాను.

గిరీష్ సార్‌కి కోపం రాలేదు. పైగా సంతోషించారు. పోల్చి చూడటానికి కట్టని పిట్టలు కూడా కావాలి కదా, ఆ బోనుల వరుసంతా తీసుకుందాం అన్నారు. ఓబళప్పకు నువ్వే చెప్పు, మీ ఇద్దరిదీ ఒకే భాష కదా అన్నారు.

వెళ్లాను. ఆయన నేల ఊడుస్తున్నాడు. ఈసారి ఏదీ దాచలేదు. కట్టినా కోస్తాం, కట్టకపోయినా కోస్తాం అని శుద్ధమైన తెలుగులో చెప్పాను. చీపురు గోడకు ఆనించి, చివరిదాకా విన్నాడు. ఇన్నాళ్లుగా నన్ను అమ్మా అని తప్ప పిలవని మనిషి.

"గొత్తాయ్తు, మేడం," అన్నాడు.

అర్థమైంది అని. అప్పటి నుంచి ఆయన నాతో కన్నడలోనే మాట్లాడుతున్నాడు.