నాయన చేతికి తెచ్చిన రంగు బిళ్లలు

మొన్న మా మనుమరాలు ప్లాస్టిక్ ఇటుకలతో ఇల్లు కట్టుకుంటుంటే అందులో ఒక చిన్న ముక్క ఎక్కడో పోయింది. ఆ పిల్ల ఏడుస్తూ ఇల్లు పీకి పందిరేస్తుంటే మా కోడలు నిమ్మళంగా ఫోను తీసి, పోయిన ముక్క ఏదో బొమ్మలు చూసి గుర్తుపట్టి, ఆ ఒక్కటే తెప్పిస్తానంది. డబ్బా మొత్తం కొనకుండా ఒక్క ముక్క ఎవరమ్ముతారే అని నేను నోరు తెరిచాను. విడి ముక్కలే అమ్మేవాళ్లున్నారట, అదీ చవకగానట, కొలత చెబితే చాలట. ఎంత హాయి చూడండి! ఆ పిల్ల ఏడుపు ఆగింది కానీ నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. మన కాలం వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు ఇలాంటి బిళ్లలు తెలియవు. మాకూ తెలియవు. అవి మా ఇంటికి ఆటకని రాలేదు, మందుగా వచ్చాయి.

అప్పటికింకా నాకు పెళ్లి కాలేదు. గద్వాలలో మా నాయన మగ్గం మీద కూర్చున్నాడంటే మా ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా భయపడేవాళ్లం. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు కదా, అంచు పోగు చుట్టిన నాడె ఆ కొసనుంచి ఈ కొసకు అందించడానికి పక్కన అమ్మ కూర్చునేది. అంతవరకే ఆమె పని. పోగును దగ్గరికి కొట్టే పలక మాత్రం నాయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టకూడదు. ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో తీరుగా పడుతుంది, చెయ్యి మారితే బట్టలో గీత కనబడుతుంది. అందుకని మొదలుపెట్టిన మనిషే ముగించాలని మా వీధిలో పట్టింపు. మా ఇంట్లో ఆ పట్టింపు మగ్గం దాటి నాయన చెంబుకూ, దువ్వెనకూ, కూర్చునే పీటకూ కూడా పాకింది. ఆయనది ఏదైనా సరే ఇంకొకరు ముట్టేది లేదు.

అలాంటి మనిషి ఒకనాడు పొద్దున్నే పెళ్లిచీర సగం నేసి ఉండగా చేతిలోంచి నాడె జారవిడిచాడు. ఏమైందని అమ్మ అడిగితే మాట ముద్దగా వచ్చింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోయాం. దేవుడి దయవల్ల కొన్నాళ్లకు మాట తేరుకుంది కానీ కుడిచేతి వేళ్లు మాత్రం మొద్దుబారిపోయాయి. అక్కడ వ్యాయామాలు చేయించే ఒకామె నాయన ముందు రంగురంగుల బొడిపెల బిళ్లలు పోసి, ఒకదానిమీద ఒకటి నొక్కమని, మళ్లీ పీకమని చేసి చూపించింది. రోజూ ఇదే పని పెట్టుకుంటే వేళ్లు దారికొస్తాయని, ఇప్పుడు వదిలేస్తే ఆ చెయ్యి ఇక నేతకు పనికిరాదని మొహం మీదే చెప్పింది. అక్కడే ఒక బొమ్మల దుకాణంలో కొత్త డబ్బా ధర విని అమ్మ కొంగుముడి విప్పకుండానే మెట్లు దిగింది. దిగేముందు నాలుగు ముక్కలు విడిగా ఇమ్మంటే ఆ దుకాణంలో అందరూ నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వనపర్తి అమ్మ పుట్టిల్లు. అక్కడ పాత ఆటసామాను అమ్మేవాడి దగ్గర ఇలాంటివి ఉంటాయని ఎవరో చెబితే, పెబ్బేరులో బస్సు మారి ఇద్దరం పోయాం. గోనెసంచి నిండా విడి బిళ్లలు, ఎన్ని విరిగిన డబ్బాల్లోంచి వచ్చి పడ్డాయో ఏమో, దోసిలికింత అని అమ్ముతున్నాడు. అమ్మ మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పట్టుదారపు లడులు రంగు చూసి ఏరిన చెయ్యి కదా, ఒక్కొక్క బిళ్లనూ నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి తిప్పి చూస్తూ, మగ్గం మీద సగంలో ఉన్న చీర రంగులే ఏరడం మొదలుపెట్టింది. ఆకుపచ్చలో పోల్చి పోల్చి ఒకే ఛాయవి, పసుపులో ఒకే ఛాయవి. వాటిని చూస్తే నాయనకు మగ్గం యాదికొచ్చి వేళ్లు కదులుతాయని ఆమె ఆశ. నేను కూడా ఎంత బాగా ఏరుతోందో అని మురిసిపోయాను. అమ్మేవాడికి విసుగొచ్చింది.

“అమ్మా, గివి పట్టు గాదు, పిల్లలాడుకునేటివి. జర జల్ది కానియ్యి,” అన్నాడు.

చివరికి కొసరు అడిగితే సంచి అడుగునుంచి మట్టి కొట్టుకున్న నల్లవి, వెలిసిపోయినవి కొన్ని తీసి మా సంచిలో పడేశాడు. అమ్మ వాటిని చూసి మూతి తిప్పుకుంది.

ఇక ఇంట్లో మొదలైంది అసలు నరకం. నాయన ఎడమచేత్తో ఆకుపచ్చ బిళ్ల పట్టుకుని, దానిమీద పసుపుది కుడిచేత్తో నొక్కుతాడు. నుదుటి మీద చెమట పట్టేదాకా నొక్కుతాడు. చెయ్యి తీయగానే పై బిళ్ల జారి కింద పడుతుంది. మళ్లీ తీసుకుంటాడు, మళ్లీ పడుతుంది. బిళ్ల నేలమీద పడిన చప్పుడైతే వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. సాయం చేద్దామని దగ్గరికి పోవడానికి మా ఇద్దరికీ ధైర్యం లేదు, అది ఆయన పని మరి. ఇంతలో చీర నేయించే షావుకారు మూఢం రాకముందే పెళ్లిచీర కావాలని, అమావాస్య దాటితే మగ్గం మీదున్న తన పడుగు కోయించి ఇంకొకరికి ఇస్తానని కబురు పెట్టాడు. ఆ పొద్దు నాయన బిళ్లలన్నీ గోడకేసి కొట్టాడు.

“సచ్చిన చెయ్యే ఇది. దీనికెందుకే ఆటలు? పడుగుతోపాటు మగ్గం గూడ తీస్కపొమ్మని చెప్పు,” అన్నాడు.

చెప్పినట్టే అమావాస్య మర్నాడు షావుకారు మనుషులు ఇద్దరు కత్తి పట్టుకుని వచ్చారు. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్లు మగ్గం గుంట దగ్గర చాప పరుస్తుంటే అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది, వాళ్లమీద కాదు, ఆ బిళ్లలమీద. మనిషిని ఇంత ఏడిపిస్తారా అన్నట్టు మూలనున్న రెండు తీసుకుని పళ్లు కొరికి బలమంతా పెట్టి నొక్కింది. పై బిళ్ల జారి ఆమె ఒళ్లో పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ పడింది. నా చేతికిచ్చింది. నేను నొక్కినా అంతే.

“ఓయమ్మో! నా చేతికే నిలుస్తలేవు! నీ చెయ్యి గాదయ్యా, గీ బిళ్లలే పాడువి!” అని అరిచింది.

నాయన లేచి కూర్చున్నాడు. “ఏదీ, ఇంకోపారి నొక్కు,” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నమ్మాలని ఉంది, నమ్మితే ఏమవుతుందోనని భయమూ ఉంది.

అప్పుడు తెలిసింది మాకు. రంగు కలిసిందా లేదా చూశామే కానీ బొడిపె కలిసిందా లేదా ఒక్కసారీ చూడలేదు. ఒక్కో బిళ్ల ఒక్కో డబ్బాది. నేనూ అమ్మా నేలమీద కూలబడి ఒక్కొక్కటీ జోడించి చూస్తున్నాం, పడుగు దగ్గర కత్తి పట్టుకున్న మనిషి చెయ్యి ఆపి మమ్మల్నే చూస్తున్నాడు. ఆకుపచ్చవి కావు, పసుపువి కావు. ఆ కొసరుగా పడేసిన నల్లది, వెలిసిపోయిన నీలంది గట్టిగా పట్టుకున్నాయి. వాటిని విడదీసి నాయన చేతికిచ్చాం. బొటనవేలు వణికింది, చూపుడువేలు పక్కకు జారింది. మళ్లీ సర్దుకుని నొక్కాడు. టిక్కుమంది. పైకెత్తి చూపించాడు, పడలేదు. పీకమంటే పీకలేకపోయాడు. “ఊడుతలేదే!” అంటూ నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. షావుకారుకు మేం చెప్పుకుంటాంలే అని ఆ మనుషులు చాప చుట్టుకుని వెళ్లిపోయారు.

ఆ చెయ్యి మునుపటిలా రాలేదు, అబద్ధమెందుకు. నాడె విసరగలిగాడు, పలక మాత్రం కొట్టలేకపోయాడు. ఒకరోజు నన్ను పిలిచి, ఇట్ల కూర్చో బిడ్డా, పలక నువ్వు కొట్టు అన్నాడు. చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఒకవైపు నేను, ఒకవైపు అమ్మ, నడుమ నాయన కూర్చుని మూఢం రాకముందే ఆ చీర దించాం. షావుకారు బట్ట మీద వేలు పెట్టి, చెయ్యి మారిన చోట గీత పట్టుకున్నాడు. ముగ్గురి చేతులు పడ్డయి, గీత రాదా మరి అని నాయన నవ్వాడే కానీ తల దించుకోలేదు.

మరుసటేడు నాకు పెళ్లయి నాగర్‌కర్నూలుకు వచ్చేశాను. ఇప్పుడు గద్వాలకు పోతే మా వీధిలో ఎవరి మగ్గం ఎవరు ముట్టుకున్నా కోప్పడేవాళ్లు లేరు, చాలా ఇళ్లలో మగ్గాలే లేవు. ఇటియ్యి, నేను చూస్తా అనే ఒక్క మాట నోటికి రాక అప్పుడు నాయనను ఆ బిళ్లలతో అన్ని రోజులు ఒంటరిగా వదిలేశాం, దానికి గౌరవమని పేరు పెట్టుకున్నాం. ఆయన పక్కన కూర్చుని ఇంకొక్క చీర నేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. నా జన్మలో నేను పలక కొట్టింది ఆ సగం చీరకే.