గడప లేని చోట వదిన పెట్టిన అన్నం

మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున, తులసికోట దగ్గర దీపం పెట్టి లేస్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మీ వదిన పోయిందే" అన్నాడు. ఇడ్లీపిండి గిన్నె దించబోయి, గుండె పట్టుకుని కూర్చుందట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

జగ్గయ్యపేట నుంచి నేనూ మావారూ కారు మాట్లాడుకుని శంషాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముందుగదిలో భోజనాల బల్లలన్నీ గోడవారకు జరిపి మధ్యలో ఆమెను పడుకోబెట్టారు. వాళ్ళు ఆ ఇంట్లోకి వెళ్ళి తొమ్మిదేళ్ళు. నేను ఆ గడప దాటడం అదే మొదటిసారి.

మన జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి శంషాబాద్‌లో విమానం ఎక్కడానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆమె చేతి అన్నం తిని ఉంటారు. వారిలో ఎంతోమందిని పంపింది నేనే. ఇది చదివేవారిలో ఆమె పోయిన కబురు ఇంకా తెలియనివాళ్ళు ఉంటారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వదిన పుట్టిల్లు పెనుగంచిప్రోలు. మా అన్నయ్యను చేసుకుని నందిగామ వచ్చేటప్పటికి నాకు పదిహేనేళ్ళు. అన్నయ్య కారు డ్రైవరు. నందిగామలో బాడుగలు తగ్గిపోతే శంషాబాద్ వెళ్ళి విమానాశ్రయం దగ్గర కారు పెట్టుకున్నాడు. అక్కడ తోటి డ్రైవర్లు ఏ పూటా సరిగ్గా తినడం లేదని వదిన నలుగురికి వండి పెట్టడం మొదలుపెట్టింది. ఆ డ్రైవర్లే తమ కార్లలో ఎక్కినవాళ్ళను తీసుకువచ్చారు. ఒక విమానం దిగి ఇంకో విమానం కోసం నాలుగేసి గంటలు ఎదురుచూసేవాళ్ళు, లోపల అమ్మే తిండి సయించని పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. అలా ముందుగదిలో ఐదు బల్లలు పడ్డాయి. బోర్డు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

వచ్చినవాళ్ళను ఆమె "ఏం తింటారు?" అని అడిగేది కాదట. "విమానం ఎన్నింటికి?" అని అడిగేది. టైము చెప్పగానే గోడకున్న పలక మీద సుద్దముక్కతో రాసేది. గంట మాత్రమే ఉంటే ఉప్మానో ఇడ్లీనో. రెండు గంటలుంటే పప్పు, కూర, చారు. అంతకన్నా ఎక్కువుంటే తిన్నాక వెనకగదిలో చాప పరిచి, "కాసేపు నడుం వాల్చండి, నేను లేపుతా" అనేది. ఆమె లేపలేదని విమానం తప్పిపోయినవాళ్ళు ఒక్కరు కూడా లేరని అన్నయ్య ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. ఆమె మాత్రం జన్మలో విమానం ఎక్కలేదు.

"విమానం ఎక్కే మనిషికి గబగబా వడ్డించకూడదమ్మాయ్. పాపం, పొద్దుట్నించీ అన్నీ గబగబానే చేసుంటారు" అని ఒకసారి ఫోన్లో చెప్పింది. ఇంకోసారి, "మనవైపు వాళ్ళు బల్ల దగ్గర కూర్చోగానే తెలిసిపోద్ది. పచ్చడి ఉందాండీ అని అడగరు, ఏం పచ్చడండీ అని అడుగుతారు" అని నవ్వింది. అన్నేళ్ళు అక్కడున్నా ఆమె మాట నందిగామ మాటే.

ఇక్కడ గుడిలోనో పెళ్ళిళ్ళలోనో ఎవరైనా విమానం సంగతి ఎత్తితే చాలు, నేను వదిన నంబరు రాసి ఇచ్చేదాన్ని. "మా వదిన దగ్గర తినండి, మన ఇంట్లో తిన్నట్టే ఉంటుంది" అని చెప్పేదాన్ని. నేను తినకుండానే చెప్పేదాన్ని. మా అత్తయ్యగారు మంచం పట్టిన దగ్గర్నుంచి నాకు ఊరు కదలడం కుదరలేదు. శుభకార్యాలకు ఆమే ఇటు వచ్చేది. వచ్చినప్పుడల్లా అడిగేది.

"ఊళ్ళోవాళ్ళందరూ వచ్చి తిని పోతున్నారు. ఆడబిడ్డవి, నువ్వెప్పుడొస్తావ్?"

"వస్తా వదినా, అత్తయ్యగారికి కాస్త నెమ్మదించనీ."

"నీకేం పట్టుచీరలు పెడతానని కాదులే, భయపడమాక. నా ఇంట్లో కూర్చుని ఒక్క ముద్ద తినిపో, చాలు."

ఆమె నన్ను కోరిందల్లా అంతే.

పోయిన కార్తీకంలో మా ఆడపడుచు వచ్చి అత్తయ్యగారిని చూసుకుంటానంటే, నేనూ మావారూ కాశీ వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో కాశీ విమానం శంషాబాద్‌లో దిగాక గన్నవరం విమానానికి అయిదున్నర గంటలు ఖాళీ. నెల ముందే వదినకు చెప్పాను. "అయితే ఇంక తప్పించుకోలేవు" అంది. ఆ రోజు బయటివాళ్ళకు భోజనాలు లేవని డ్రైవర్లకు ముందే చెప్పేసిందట.

కానీ బయలుదేరే రోజు అత్తయ్యగారు మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుని, "గంగచెంబులతో వచ్చేటప్పుడు ఎవరి గడపా తొక్కబాక. నేరుగా మనింటికి రండి" అన్నారు. మావైపు చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే అది. కాశీ గంగను ముందు మన దేవుడి దగ్గర పెట్టాకే ఇంకో ఇంటికి వెళ్ళాలి. నేను సరేనన్నాను. వదిన సంగతి అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు. కాశీలో ఉన్న మూడు రోజులూ అదే మనసులో మెదిలింది. చివరికి విమానం ఎక్కేముందు వదినకు ఫోన్ చేసి, రాలేనని చెప్పాను.

"సరేలే. మీరు దిగి బయటికి రండి" అంది.

మేము బయటికి వచ్చేసరికి అన్నయ్య కారు ఉంది. పక్కన వదిన, రెండు చేతుల్లో రెండు క్యారేజీలతో నిలబడి ఉంది. నన్ను చూడగానే చుట్టూ చెయ్యి తిప్పి చూపించింది.

"చూడు, ఎక్కడన్నా గడప ఉందా? లేదుగదా! కూర్చో మరి."

మావారు పెద్దగా నవ్వారు. "నాకైతే ఏ గడపైనా ఫర్వాలేదు చెల్లెమ్మా, ఆకలి దంచేస్తోంది."

"మీకేం అన్నయ్యగారూ, మీరు బంగారం. చాదస్తమంతా మా అమ్మాయిదే."

కార్లు ఆగే చోటుకి అవతల, చిన్న చెట్టు నీడలో సిమెంటు గట్టు ఉంటే దాని మీద దుప్పటి పరిచింది. అరిటాకులు కూడా తెచ్చింది. ఉల్లి, వెల్లుల్లి తగలకుండా పెసరపప్పు, నిమ్మకాయ పులిహోర, చారు, గడ్డపెరుగు. రెండో క్యారేజీ మూత తీసి దొండకాయ వేపుడు గరిటెతో తీసి నా ఆకులో వెయ్యబోయింది. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన కూర. నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"వదినా, దొండకాయ కాశీలో వదిలేశాను."

కాశీలో ఇష్టమైన కూరా పండూ ఒక్కొక్కటి వదిలి రావడం ఆనవాయితీ. దేవుడికి ఇచ్చేది ఉత్తుత్తిగా ఇవ్వకూడదని, నాకు బాగా ఇష్టమైనదే వదిలాను.

గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది. వదిన నా ముఖం వంక చూసి, "మా ఇల్లు కూడా అక్కడే వదిలేసొచ్చావా ఏంటి?" అంది. నవ్వుతూనే అంది. అన్నయ్య మాత్రం తల వంచుకున్నాడు. ఆ వేపుడు తన ఆకులో వేసుకుని, ఏమీ జరగనట్టు నాకు పప్పులో నెయ్యి వేసింది. "తిను, తిను. చల్లారిపోద్ది" అంది. పొద్దున ఎన్నింటికి లేచి అవన్నీ చేసిందో నేను అడగలేదు. అంత రుచిగా అన్నం తిని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. ఆ మాట అయినా పైకి చెప్పాను, అది ఒక్కటే నాకు తృప్తి.

ఇంటికి వచ్చి గంగచెంబులు దేవుడి దగ్గర పెట్టాక, అత్తయ్యగారికి కాళ్ళు నొక్కుతూ ఈ సంగతి చెప్పాను. ఆవిడ తల ఎత్తి చూశారు.

"అదేంటే? నేను చెప్పింది పరాయి గడప గురించి. తోడబుట్టినోడి ఇల్లు పరాయిదెట్లా అవుద్ది? పిచ్చిదానా, ఆ పిల్ల ఎంత బాధపడి ఉంటదో!"

నేను వెంటనే వదినకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది. "మీ అత్తగారే నయం. అయితే శివరాత్రి వెళ్ళగానే రా. ఈసారి బీరకాయ చేస్తా, అదన్నా వదలకుండా ఉంచు" అంది. శివరాత్రి దాకా ఆమె లేదు.

దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన నన్ను ఆ గడప తొక్కవద్దని అడగలేదు. నేనే ఆయన పేరు చెప్పి ఆగాను. పదకొండో రోజున అందరితో పాటు ఆ ముందుగదిలో కూర్చుని తిన్నాను. వంటవాళ్ళు వండిన అన్నం. ఎవరు వడ్డించారో కూడా గుర్తు లేదు.

ఆ కార్తీకం మధ్యాహ్నం మేము విడిపోయిన తీరు మాత్రం నన్ను వదలడం లేదు. టికెట్టు లేనివాళ్ళను లోపలికి పంపరు గనుక వదిన తలుపు బయటే ఆగిపోయింది. మేము లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాం. అద్దాల గోడ అవతల ఎర్రటి ఎండలో నిలబడి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాకోసం వెతుకుతోంది. లోపలి నుంచి నాకు ఆమె కొంగు అంచు కూడా కనిపిస్తోంది. బయటి నుంచి ఆమెకు ఆ అద్దంలో ఎండ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. అయినా, మేము ఉంటామనుకున్న వైపుకి తిరిగి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. నవ్వుతోంది, ఏదో చెబుతోంది కూడా. ఆమె చూస్తున్నది మావైపు కాదు, మాకు పది అడుగుల అవతల ఎవరూ లేని చోటువైపు.

నేను చేతిలో సంచి కింద పెట్టి, గబగబా వెళ్ళి ఆ ఖాళీ చోట నిలబడ్డాను.