ఎనిమిది మందికీ ఒకే పేరు

"ఆ వంతు నాది అత్తా. ముసురుకి పోయిన వారం. నీ ముందే గదా రాయించినాను."

"ఏదే, ఎక్కడున్నాది? సూడు, నీకూ రెండు కళ్ళున్నాయి గదా. మిషన్లో లేని వంతు నీకెక్కడి నుంచి పుట్టింది?"

"ఉండేది. ఎవులో తీసీసినారు."

"ఎవులు తీస్తారే? నరం లేని నాలుక నీది, ఎటు తిప్పితే అటు తిరుగుతాది. ఇంకొకళ్ళ వారం కాజెయ్యాలని వచ్చినావు."

ఇప్పటికీ పొద్దున్నే సంఘం గది తాళం తీసి కంప్యూటరు పెట్టగానే, దాని ఫ్యాను చప్పుడూ కిటికీలోంచి వచ్చే ఎండు నెత్తళ్ళ వాసనా ఒకేసారి తగులుతాయి. ఆ రెండూ కలిస్తే నాకు ఈ తగువు వినిపిస్తుంది. నాలుకకు నరం లేదన్న గొంతు నాది. అందరి ముందూ మాట పడ్డది సింహాచలం. ఆ వెనకే గౌరి గుర్తొస్తుంది. మీరు గౌరిని చూడలేదు. చూసినా గుర్తుపెట్టుకునేంత ఆర్భాటం ఉన్న మనిషి కాదు. పొట్టిగా ఉండేది, భుజాన గుడ్డసంచీ, అందులో ఎప్పుడూ ఒక పాత పళ్ళ బ్రష్షు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి ఒక సంగతి నేర్పిన మనిషి ఆవిడొక్కతే. అదీ నాకు అరవై దాటాక.

మాది కళింగపట్నం. మగవాళ్ళు వేటకు పోతారు, తెచ్చిన చేపను ఎండబెట్టి అమ్మేది మేము. ఎనిమిదిమంది ఆడవాళ్ళం కలిసి సంఘం కట్టుకున్నాం, వయసులో పెద్దదాన్నని నన్ను అధ్యక్షురాలిని చేశారు. మా అందరికీ ఉన్నది ఒక్కటే సిమెంటు దిమ్మ. దాని మీద పోస్తే నెత్తళ్ళు ఒక్క ఎండకే గలగలలాడతాయి, ఇసుక అంటదు. ఇసుకలో ఎండబెడితే రెండు రోజులు పడుతుంది, పైగా బేరగాడు నాలుగు నోట్లో వేసుకుని కరకరమందని ఉమ్మేస్తాడు. అందుకని దిమ్మ వారానికి ఒకరికి వంతు. ఎవరి వారమైనా ముసురుపట్టి పాడైతే, ఎనిమిది వంతులూ తిరిగాక ఆ మనిషికి ఇంకో వారం ఇవ్వాలి. దిమ్మ లేని రోజుల్లో ఇసుకలో మంచి చోటు కోసం మా అత్తలు పెట్టుకున్న కట్టుబాటు ఇది. వాళ్ళే పెట్టింది ఇంకోటి కూడా ఉంది. ఎండుతున్న చేపను ఎవరైనా చూడొచ్చు, అడక్కుండా మాత్రం ముట్టకూడదు. వాన మీద పడుతున్నా సరే, కేకేసి అడిగి, ఆవిడ "ఎత్తు" అన్నాకే తట్టలోకి ఎత్తాలి.

గౌరి మా ఊరి కోడలు. విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునే పని. ఆదివారాలు బస్సు దిగి అత్తవారింటికి వచ్చేది. వంతుల పుస్తకం తడిసి ముద్దయిందని మేము గోల పెడుతుంటే విని, కాలేజీలో పక్కన పడేసిన కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చిపెట్టింది. తిరగేసిన చేపలతట్ట మీద కూర్చుని వైర్లు బిగిస్తుంటే నేను అడిగిన మొదటి మాట నాకు గుర్తుంది.

"దీనికి ఇంకా ఏటేటి కొనాల?"

"ఏమీ కొనక్కర్లేదు మామ్మా. ఇందులో లినక్స్ వేశాను. పదిమందీ కలిసి చేసి ఊరికే ఇచ్చేది, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. మీ ఎనిమిదిమందికీ ఎనిమిది పేర్లు పెడతాను. ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి వెళ్ళాలి."

"ఒక్క గదికి ఎనిమిది తాళాలేటే? ఒక్క పేరు పెట్టు, సాల్తాది."

"పేరుకి ఖర్చు లేదు మామ్మా."

"ఖర్చు లేదని ఇంటికి ఎనిమిది గుమ్మాలు పెడతామేటి?"

గౌరి వాదించలేదు. నా పేరే, నీలమ్మ అని, ఒక్కటి పెట్టింది. పాస్‌వర్డు కూడా ఒక్కటే, అందరికీ తెలిసిందే. వంతుల జాబితా ఒకటి, వానకు పోయిన వారాల జాబితా ఒకటి తయారుచేసి ఎలా తెరవాలో, ఎలా దాచాలో చూపించింది. వెళ్ళే ముందు సంచీలోంచి బ్రష్షు తీసి, కీబోర్డు సందుల్లో అప్పుడే చేరిన పొలుసులు దులిపింది. "వాడేటప్పుడు చెయ్యి కడుక్కోండి" అని మాత్రం అంది.

ఆ నెలల్లో ఎవరు కూర్చున్నా నీలమ్మే. తవిటమ్మ రాసినా నీలమ్మ రాసినట్టే, సింహాచలం దిద్దినా నీలమ్మ దిద్దినట్టే. అందులో నాకు తప్పు కనపడలేదు సరికదా, కొంచెం గర్వంగా కూడా ఉండేది. గదికి తాళం వేసే ముందు నేను నేల ఊడ్చి, చెత్త పారబోసి, కంప్యూటర్లో ఉన్న చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి వెళ్ళేదాన్ని. శుభ్రం ఎక్కడైనా శుభ్రమే అనుకునేదాన్ని.

అప్పుడు జరిగింది మీరు పైన విన్న తగువు. సింహాచలం తనకు ముసురుకి పోయిన వారం రావాలంది. నేను ఎంత వెతికినా అది లేదు. ఆరుగురు చూస్తుండగా నేను ఆ మాట అన్నాను. సింహాచలం తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి ఇసుకకి కూడా రాలేదు. శ్రీకాకుళం రోడ్డు అంచున టార్పాలిన్ పరిచి, లారీల దుమ్ములో ఎండబెట్టుకోవడం మొదలుపెట్టింది.

తరవాతి ఆదివారం గౌరి వచ్చేసరికి గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. సంగతంతా చెప్పాను, నా వైపు నుంచే చెప్పాను. విని, తట్ట మీద కూర్చుని, చాలాసేపు తెర చూసింది.

"వానకు పోయిన వారాల పాత జాబితా లేదు మామ్మా. చెత్తబుట్టలోనూ లేదు. బుట్ట ఎవరు ఖాళీ చేస్తారు?"

"నానే. రోజూ సేస్తాను."

"మరి పాత జాబితాలు బుట్టలో ఎవరు వేశారు?"

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల ఒక సాయంత్రం, గాదె నిండినట్టు ఈ మిషను కూడా నిండిపోతుందేమో, మళ్ళీ కొత్తది కొనమంటారేమోనని, పాతవన్నీ ఏరి బుట్టలో వేసింది నేనే. అందులో ఏముందో పూర్తిగా చదవలేదు. చదవడం నాకు ఆలస్యం, పారెయ్యడం త్వరగా అయిపోతుంది.

"నిండిపోతాదని..." అన్నాను.

గౌరి తిట్టలేదు, నవ్వలేదు. తెర మీద ఒక గీత చూపించింది. మిషనులో ఉన్న చోటట అది. అందులో వాడింది ఒక మూల కొంచెం. "ఇంత దిమ్మ మీద మీ జాబితా ఒక్క నెత్తలంత, మామ్మా. మీరు బతికినన్నాళ్ళు రాసినా నిండదు." బ్రష్షు తీసి కీబోర్డు దులపడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అంది.

"ఎవరు తీశారో ఇది చెప్పదు. దీనికి నీలమ్మ ఒక్కతే తెలుసు, ఎనిమిదిమందీ నీలమ్మలే. మీరు ఊరుకుంటే ఎప్పటికీ బయటపడదు."

"నువ్వు సెప్పవా?"

"నేను చెప్పను. సింహాచలం అక్క రోడ్డు మీద ఎండబెడుతోంది, బస్సులోంచి చూశాను. అంతే."

ఇంతలో మిగతావాళ్ళు వచ్చారు. "అమ్మీ, ఎవరి పేరు వాళ్ళకి పెట్టీ" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. గౌరి ఆజ్ఞలు కొట్టే నల్లతెర తెరిచి ఒక్కొక్క పేరే కొట్టింది. ఒక్కొక్కళ్ళనీ పిలిచి, మిగిలినవాళ్ళను అటు తిరగమని, పాస్‌వర్డు వాళ్ళచేతే పెట్టించింది. నేను కాగితం, పెన్సిలు తీశాను.

"అన్నీ నాకు సెప్పండర్రా, రాసి దాస్తాను. మర్సిపోతే?"

"మర్చిపోతే కొత్తది పెడదాం మామ్మా. పాతది మీకు కూడా తెలియక్కర్లేదు."

తవిటమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెన్సిలు లోపల పెట్టేశాను.

తరువాత జాబితాలకు హద్దులు పెట్టింది. ఒక్కో దానికి ముందు ఇంగ్లీషు అక్షరాల వరస ఒకటి కనిపించింది. మొదటి మూడు చోట్లు ఆ కాగితం సొంతదారువి, తర్వాతి మూడు సంఘంవాళ్ళవి, చివరి మూడు దారినపోయేవాళ్ళవి. ఒక అక్షరం ఉంటే చదవొచ్చు, ఇంకోటి ఉంటే మార్చొచ్చు, గీత ఉన్న చోట చెయ్యి పెట్టడానికి లేదు. ఇంకో అక్షరం గురించి కూడా చెప్పింది గానీ అది నాకప్పుడు ఎక్కలేదు. మిగతాది మాత్రం నాకు ఇట్టే అర్థమైంది. మా అత్త నెత్తళ్ళ దగ్గర నేర్పింది ఇదేగా. అందరూ చూడొచ్చు, తిరగెయ్యాల్సింది వంతు మనిషే.

పాత జాబితాలాంటిది ఒకటి ఉత్తుత్తిగా చేసి, అందరికీ చదవడం మాత్రమే ఉంచి, "ఇప్పుడు తీసెయ్యండి చూద్దాం" అంది. బుట్టలో వేశాను. పోయింది. నాకు కోపమొచ్చింది.

"ఏటే ఇది, గీతలెట్టినావు గదా?"

"అదే మామ్మా, అందరూ చేసే పొరపాటు. కాగితం మీద రాయకుండా ఆపాం. కాగితం ఉన్న పెట్టె మూత తెరిచే ఉంది. పెట్టె మీద చెయ్యి ఉన్నవాళ్ళు కాగితాన్ని తీసి పారెయ్యొచ్చు." పెట్టెకు కూడా గీతలు పెట్టింది. మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి పోలేదు.

"అధ్యక్షురాలిని. నాకూ లేదా?"

"మీకూ లేదు. చదవడానికి ఉంది."

అన్నిటికీ పైన పెద్ద పేరు ఒకటి ఉంటుందట, దానికి ఏ గీతా అడ్డు రాదట. నేను దానికోసం చెయ్యి చాపాను. గౌరి దాని పాస్‌వర్డు సగం ఒక చీటీ మీద రాసి నాకిచ్చింది. మిగతా సగం ఇంకో చీటీ మీద రాసి మడిచింది.

"ఇది సింహాచలం అక్కకి."

"దానికా? రానే రాని మనిషికి పేరెట్టినావు, అది సాలదా?"

"వచ్చినప్పుడు కూర్చోడానికి పేరు ఉండాలి కదా. ఇక చీటీ అంటారా, ఈ ఊళ్ళో మీ మొహం మీద మాట అనగలిగింది ఆవిడొక్కతేనట."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ రెండో చీటీ కూడా తీసుకుని రొండిని దోపుకున్నాను, ఇచ్చి వస్తానని.

గౌరి ఆ తర్వాత రెండేళ్ళు వస్తూ పోతూ ఉంది. భర్తకు దూరం బదిలీ అయి ఊరు విడిచే ముందు ఒక ఆదివారం వచ్చి, మిషను బాగోగులు చూడడానికి పెట్టుకున్న తన పేరు తనే తీసేసుకుంది. ఉంచమని బతిమాలాను. "ఇక్కడ పని లేనిదాన్ని, నాకు తలుపెందుకు మామ్మా" అంది. కీబోర్డు దులిపి, బ్రష్షు మాత్రం వదిలి వెళ్ళింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు, రెండు చీటీల సగాలూ కలిశాక, పేరు పెట్టేది నేనే. ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అని రెండు ప్రశ్నలు అడిగి మొదలుపెడతాను. మూడోది నాకు నేనే వేసుకుంటాను. ఇందులో నా చెయ్యి అవసరమా? చాలాసార్లు అవసరం ఉండదు. అన్నిట్లో చెయ్యి పెట్టే అలవాటు పోవడానికి ఇంకా కష్టపడుతూనే ఉన్నాను.

అందరికీ పేర్లు పెట్టిన ఆ ఆదివారానికి మర్నాడు పొద్దున్నే నేను రోడ్డు మీదకి వెళ్ళాను. సింహాచలం టార్పాలిన్ మీద నెత్తళ్ళు పోస్తోంది. ఇంకో తట్ట పక్కన నిండుగా ఉంది. చీటీ ఇచ్చాను. తీసుకుంది, విప్పలేదు.

"నీ వంతు తీసింది నానే," అన్నాను. "సూసుకోలేదు. దిమ్మ ఈ వారం నీది. అందరి ముందూ సెప్తాను."

సింహాచలం పని ఆపలేదు. లారీ ఒకటి పోయింది. దుమ్ము మా ఇద్దరి మీదా పడింది. నేను నిండుగా ఉన్న తట్ట వైపు చూసి అడిగాను.

"ఎత్తుకోనా?"

నా పెద్దరికంలో నేను ఎవరినీ అలా అడిగి ఎరగను. సింహాచలం కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎత్తు," అంది.