బంగారు బిళ్ళ మీద తేమ

ఎదుటి యంత్రం నా గుండెదడను కూడా పసిగడుతుందని భయపడే వయసు ఒకటి ఉండేది నాకు. సూరత్‌లో ఎమ్మెస్సీ చివరి ఏడాది అది. నా ప్రాజెక్టు చెప్పడానికి సులువే. బంగారు పూత పూసిన చిన్న గాజుబిళ్ళకు ఒక ప్రొటీన్‌ను అంటించి, దాని మీద దాని జోడీ ప్రొటీన్‌ను పోయాలి. రెండూ అతుక్కుంటే, ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో తెర మీది గీత చిన్న దిబ్బలా లేవాలి. (లేవకపోతే ఇంకో ఏడాది అదే ల్యాబులో నేనూ, నా బిళ్ళా.) పరీక్ష రోజున ఉధ్నాలో మరమగ్గాల పనికి పోతూ నాయిన నన్ను గోడాదరాలోని మా ఇంటి నుంచి బండి మీద కాలేజీ దగ్గర దింపాడు. వాన తెరపి లేకుండా కురుస్తోంది. "గింత బుగులెందుకు బిడ్డా? పోగు తెగితే ముడేసుకుంటం గదా, జర నిమ్మలంగ చెయ్యి," అన్నాడు. నా బుగులు తగ్గలేదు సరికదా, తెగడమనే మాట ఒకటి కొత్తగా చెవిలో చేరింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు, జుట్టు నెరిసిన పెద్దాయన, నా వెనకే కుర్చీ వేసుకున్నారు. నేనింకా రెండో ప్రొటీన్ పోయనే లేదు, తెర మీద దువ్వెన పళ్ళలా గీతలు లేచాయి! "ఆ శుం ఛే?" (ఇదేమిటి?) అన్నారు మా గైడ్ మేడం. బిళ్ళ ఉన్న యంత్రం పెట్టె మూత తీసి చూశాను, మూశాను. గీతలు పెరిగాయి. మళ్ళీ తీసి, ముక్కు ఆనేంత వంగి, ఆయాసపడుతూ చూశాను. ఇంకా పెరిగాయి.

"డబ్బా బంద్ రహనే దో, బేటీ," (పెట్టె మూసే ఉంచమ్మా) అన్నారు పెద్దాయన మెల్లగా. "ఆ గీతలు దేనివి?"

"తేమవి సర్. ప్రొటీన్ దిబ్బ వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. ఇవి సన్నగా ఉన్నాయి. వానాకాలపు గాలి..."

"గాలేనా?"

"...నా ఊపిరి కూడా సర్."

మేడం నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. నన్ను దూరంగా కూర్చోబెట్టి, పెట్టెలోకి పొడిగాలి వదిలారు. గీతలు అణిగాక లేచి, ఊపిరి బిగబట్టి, రెండో ప్రొటీన్ పోసి, కడిగి, ఆరబెట్టి, మూత వేశాను. మళ్ళీ పొడిగాలి, మళ్ళీ ఎదురుచూపు. చివరికి మధ్యలో ఒక దిబ్బ లేచింది. చిన్నదే, కానీ గుండ్రంగా ఉంది. "అబ్ సాన్స్ లే లో," (ఇక ఊపిరి తీసుకో) అన్నారాయన. అప్పటికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి.

సాయంత్రం గడపలోంచే అరిచాను: "నాయినా, అతుక్కుంది!"

నాయిన నోరు తెరిచేలోపే వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మ గొంతు వినిపించింది: "జరసేపు నీళ్ళల్ల నానబెట్టు, గదే ఊడొస్తది."

ఆ రోజు ఆ మాటకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇప్పుడు ఎన్ని దిబ్బలు లేచినా కాఫీ తాగుతూ చూస్తాను. కానీ గోరంత ఎత్తు కోసం ఊపిరి తీసుకోవడం మరచిన ఆ పిల్లను తలచుకుంటే, కాస్త నవ్వూ, దానితోపాటు కాస్త అసూయా కలుగుతాయి.